గాలిదుమారాలు మొదలయ్యేలోపే క్రాస్ కంపైలర్ బిల్డులు ముగించుకోండి

రోహిణి కార్తె రాకముందే, ఏప్రిల్ నుంచే మన వరంగల్ వైపు సాయంత్రం గాలిదుమారం లేవడం, చెట్టు కొమ్మ లైన్ మీద పడటం, కరెంటు పోవడం మామూలే. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటులో ఎక్కువకాలం సపోర్ట్ ఉండే ఎల్‌టీఎస్ కొత్త వెర్షన్ రెండేళ్లకోసారి వచ్చేది కూడా ఏప్రిల్‌లోనే, అంటే పాత కంప్యూటర్ల కోసం టూల్స్ ప్యాకేజీ చేసే మనలాంటి వాళ్లకి అన్నీ మళ్లీ బిల్డు చేసే (సోర్స్ కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా మార్చే) పని సరిగ్గా ఈ ఎండల్లోనే పడుతుంది. నేను హనుమకొండలో ఇంట్లో కూర్చుని అటారీ ఎస్‌టీ అనే పాత కంప్యూటర్ కోసం జీసీసీ అనే కంపైలర్ ప్యాకేజీలు చేస్తాను. అది 1985 నాటి మెషిన్, 8 మెగాహెర్ట్జ్ 68000 ప్రాసెసర్, మొదటి మోడల్‌లో 512 కేబీ మెమరీ. ఇప్పటి జీసీసీ దాని మీద నడవదు కాబట్టి ఇక్కడ పీసీ మీద కంపైల్ చేసి అక్కడ నడుపుకోవాలి, క్రాస్ కంపైలర్ అంటే ఇదే. డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు కొద్దిమందే, కానీ మన ప్యాకేజీ చెడిపోతే వాళ్లు వెళ్లడానికి ఇంకో చోటు దాదాపు ఉండదు, అందుకే ఇంత చెప్తున్నాను.

ముందు బిల్డు సంగతి. బైన్యూటిల్స్ (అసెంబ్లర్, లింకర్), తర్వాత మొదటి దశ జీసీసీ, దానితో మింట్‌లిబ్ (అటారీ సీ లైబ్రరీ), మళ్లీ పూర్తి జీసీసీ, ఈ వరసలో ఒక్కో దశ అయిపోగానే దాన్ని టార్ చేసి (ఒకే ఫైలుగా కట్టి) వేరే డిస్కులో పెట్టండి. మధ్యలో కరెంటు పోయి మళ్లీ వస్తే ఆగినచోట నుంచి మేక్ (బిల్డు నడిపే కమాండ్) కొట్టేయాలనిపిస్తుంది, కొట్టకండి. ఆగిపోయిన క్షణంలో రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైళ్లు కొన్ని సున్నా బైట్లతో మిగిలిపోతాయి, తేదీ కొత్తగా ఉంటుంది కాబట్టి మేక్ వాటిని అయిపోయినవనే అనుకుంటుంది. ఆ దశ బిల్డు ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ మొదలుపెట్టడమే దారి. ఇన్వర్టర్ ఉన్నా అది మారే క్షణంలో పీసీ రీస్టార్ట్ అవ్వచ్చు, యూపీఎస్ వేరుగా పెట్టుకోండి. మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో అన్ని కోర్లూ వాడి బిల్డు పెట్టకండి, రాత్రి పదకొండు తర్వాత పెట్టండి. మెమరీ తక్కువుంటే ఒకేసారి నడిచే జాబుల సంఖ్య తగ్గించండి, కంపైలర్ ‘కిల్డ్’ అని ఆగిపోయిందంటే చాలాసార్లు కారణం అదే, కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చోవద్దు.

ఇక నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం. ఈ టూల్‌చెయిన్‌లో (కంపైలర్, దాని తోడు టూల్స్ కలిపి) సీ లైబ్రరీ మూడు రకాలుగా తయారవుతుంది, మామూలు 68000కి ఒకటి, దాని తర్వాతి ప్రాసెసర్లు 68020 నుంచి 68060 దాకా ఒకటి, వాటి బంధువైన కోల్డ్‌ఫైర్ ప్రాసెసర్‌కి ఒకటి. ఒకసారి ప్యాకేజీలో ఫైళ్లు సర్దే నా స్క్రిప్టు తప్పువల్ల 68020 లైబ్రరీ వెళ్లి 68000 ఫోల్డర్‌లో కూర్చుంది. నేను టెస్టు చేసిన ఎమ్యులేటర్ (పీసీ మీద పాత మెషిన్‌లా నటించే ప్రోగ్రాం) 68030 ఉన్న ఫాల్కన్ అనే తర్వాతి అటారీ మోడల్ సెట్టింగులో ఉంది, ప్రోగ్రాం చక్కగా నడిచింది, ప్యాకేజీ పెట్టేశాను. రెండు రోజులకి నిజమైన ఎస్‌టీ ఉన్న ఒకాయన స్క్రీన్ ఫోటో పంపాడు, వరసగా నాలుగు బాంబు బొమ్మలు. ఆ మెషిన్‌లో బాంబుల లెక్కే ఎర్రర్ నంబరు, రెండైతే బస్ ఎర్రర్, మూడైతే బేసి అడ్రస్ నుంచి వర్డ్ చదవబోయిన అడ్రస్ ఎర్రర్, నాలుగైతే ప్రాసెసర్‌కి తెలియని ఇన్‌స్ట్రక్షన్. 68020లో ఉండి 68000లో లేని ఇన్‌స్ట్రక్షన్ తగిలిందని ఆ ఫోటో చూడగానే అర్థమైంది. అప్పటినుంచి హటారి అనే ఎమ్యులేటర్‌లో మెషిన్ ఎస్‌టీ, మెమరీ ఒక మెగాబైట్, ప్రాసెసర్ 68000 అని పెట్టి, చిన్న ప్రోగ్రాం ఒకటి నడవనిదే ఏ ప్యాకేజీనీ బయటికి వదలను. అటారీ ఆపరేటింగ్ సిస్టమ్ టాస్‌కి బదులు వాడే ఎముటాస్ ఉచితం, టెస్టుకి అది సరిపోతుంది. అటారీ అసలు టాస్ రోమ్ ఫైలుకి మాత్రం కాపీరైట్ ఉంది, దాన్ని మీ సర్వర్‌లో పెట్టవద్దు. జీసీసీ లైసెన్సు జీపీఎల్ కాబట్టి బైనరీతో పాటు ఆ వెర్షన్ సోర్సూ మీ ప్యాచ్‌లూ పక్కనే ఉండాలి.

హోస్ట్ (కంపైలర్ నడిచే పీసీ) వైపు రెండు మాటలు. కొత్త ఉబుంటులో చేసిన బైనరీ పాతదాంట్లో నడవకపోవచ్చు, 22.04లో గ్లిబ్‌సీ (లైనక్స్ సీ లైబ్రరీ) 2.35, 24.04లో 2.39, కాబట్టి ఒకే బైనరీ ఇవ్వాలనుకుంటే మీరు సపోర్ట్ చేసే వాటిలో అన్నిటికంటే పాత దాని కంటైనర్‌లో (ఆ వెర్షన్‌ని మీ పీసీలోనే విడిగా నడిపే చోట) చేయండి. పాత సోర్స్‌ని కొత్త కంపైలర్‌తో కంపైల్ చేస్తే కూడా అడ్డం తిరుగుతుంది. డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలిస్తే ఒకప్పుడు వార్నింగ్‌తో పోయేది, జీసీసీ 14 నుంచి మామూలుగా అది ఎర్రరే.

హోస్టింగ్‌లో నన్ను ఎక్కువ ఏడిపించింది అప్‌లోడ్ వరస. ముందు ప్యాకేజీ ఫైళ్లు ఎక్కించండి, అవి పూర్తిగా ఎక్కాయని చెక్‌సమ్ చూసుకున్నాకే ఇండెక్స్ (ప్యాకేజీల జాబితా), డిజిటల్ సంతకం చేసిన రిలీజ్ ఫైలు అన్నిటికంటే చివర. ఇండెక్స్ ముందు వెళ్లి, మధ్యలో నెట్ పోతే వాడేవాళ్లకి హ్యాష్ కలవడం లేదనో ఫైలు లేదనో ఎర్రర్ వస్తుంది, మీకు కరెంటు వచ్చేదాకా వాళ్లు అలాగే ఉండిపోతారు. ఒకసారి బయటికి వెళ్లిన వెర్షన్ నంబరుతో వేరే ఫైలు పెట్టవద్దు, చిన్న మార్పైనా నంబరు పెంచండి. సంతకం కీ గడువు ఎప్పుడో ఇవాళే చూడండి, ఆగస్టులో ముసురు పట్టి నెట్ సరిగ్గా లేని వారం అది అయిపోతే అందరి అప్‌డేట్లూ ఆగిపోతాయి.

2023 జులై చివర్లో వానలకి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీళ్లలో మునిగింది, హనుమకొండలో కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. ఆ రాత్రి కింది గదిలో ఉన్న సర్వర్‌నీ డిస్కులనీ పై అంతస్తుకి మోశాం. సోర్స్, ప్యాచ్‌లు, ప్రతి పాత వెర్షన్ ప్యాకేజీ మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేంతే ఉంటాయి, ఒక కాపీ వేరే ఊళ్లో ఉంచండి, నాది కరీంనగర్‌లో మా అక్క వాళ్లింట్లో బీరువాలో ఉంది. సంతకం కీ కాపీ మాత్రం దానితో కలిపి పెట్టలేదు, అది వేరే కవర్‌లో నా దగ్గరే. మెరుపులు మొదలైతే రౌటర్, పీసీ రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు.