జర్మనీలో కట్టిన పన్ను ఇక్కడ లెక్కలోకి ఎలా వచ్చిందంటే (నా అనుభవం)

మాది హన్మకొండ. 2024 నవంబరులో జర్మనీ కంపెనీలో చేరాను. ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు పైగా ఇక్కడే ఉన్నాను కాబట్టి పన్ను లెక్కలో రెసిడెంట్‌నే (ఇక్కడి నివాసినే), అక్కడి జీతం ఇక్కడా చూపాలి. గడువులోనే ఇన్‌కం టాక్స్ రిటర్న్ వేశాను. అక్కడ కోసిన పన్నుకు క్రెడిట్ (ఇక్కడి పన్నులో తగ్గింపు) ఇవ్వకుండా, ఇంకా పన్ను కట్టాలని డిమాండ్ నోటీసు వచ్చింది. చాలా టెన్షన్ పడ్డాను.

రివైజ్డ్ రిటర్న్, హెల్ప్‌లైన్, ఇద్దరు ఆడిటర్లు: ఏదీ పని చేయలేదు.

లోపం ఒక్కటే, ఫారం 67 (విదేశంలో కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ అడిగే ఫారం) వేయలేదు. ముందు కాగితాలు సర్దుకున్నాను. జర్మనీ పన్ను సర్టిఫికెట్ క్యాలెండర్ సంవత్సరానికి ఇస్తారు, అందుకే జనవరి-మార్చికి పేస్లిప్పులు జతచేశాను. తర్వాత యూరోలను రూపాయల్లోకి మార్చాను. పన్ను కోసిన నెలకు ముందు నెల చివరి రోజు ఎస్‌బీఐ టీటీ బయింగ్ రేటు (బయటి నుంచి బ్యాంకు ద్వారా వచ్చే విదేశీ డబ్బును ఎస్‌బీఐ కొనే రేటు) తీసుకోవాలి. ఫారం నింపేటప్పుడు నేను మొదట గూగుల్ రేటు వేశాను, అది తప్పు. రిటర్న్‌లోని ఎఫ్‌ఎస్‌ఐ (విదేశీ ఆదాయం), టీఆర్ (విదేశీ పన్నుకు అడిగే క్రెడిట్) షెడ్యూళ్ల అంకెలే ఫారంలోనూ ఉండేలా చూసి, 2026 మార్చి 31 లోపు ఆన్‌లైన్‌లో వేశాను. ఆ తర్వాతే ఇన్‌కం టాక్స్ పోర్టల్‌లో రెక్టిఫికేషన్ (తప్పు సరిదిద్దమనే అభ్యర్థన) కింద 'రీప్రాసెస్' (రిటర్న్‌ను మళ్లీ లెక్కించడం) ఎంచుకున్నాను. డిమాండ్ సున్నా అయింది.

అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పలేను. నా షెడ్యూళ్లు ముందే సరిగ్గా ఉన్నాయి. అక్కడ రీఫండ్ వచ్చినవాళ్ల లెక్క వేరు. మన కరీంనగర్, జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లకైతే జీతంపై అక్కడ పన్నే లేదు, క్రెడిట్ ప్రశ్నే రాదు.