ఒకింట్లో బల్బులు మాడిపోతున్నాయి, పక్కింట్లో ఫ్యాను తిరగడం లేదు: ముందు ఆరు రీడింగులు తీయండి

ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద కొన్ని ఇళ్లలో టీవీలు కాలిపోతాయి, కొన్ని ఇళ్లలో ట్యూబులైటు కూడా అంటుకోదు. ఫిర్యాదు రాగానే వినిపించే మాట "లోడు ఎక్కువైంది, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి". ఇళ్లవాళ్లు స్టెబిలైజర్లు కొంటారు, లైన్‌మన్ ఫ్యూజు తీగలు మారుస్తాడు, మీటరు మాత్రం సంచిలోనే ఉంటుంది. ఏదైనా విప్పేముందు ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎల్టీ (ఇళ్లకు వెళ్లే తక్కువ వోల్టేజీ) డిస్ట్రిబ్యూషన్ బాక్సులో ఆరు రీడింగులు తీసి కాగితం మీద రాయండి: ఆర్, వై, బి అనే మూడు ఫేజుల మధ్య ఆర్-వై, వై-బి, బి-ఆర్, ఆ తర్వాత ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య మూడు. ఐదు నిమిషాల పని. అయితే తీయాల్సింది రాత్రి 7 నుంచి 9 మధ్య, అందరిళ్లలో లోడు నడుస్తున్నప్పుడు. మధ్యాహ్నం తీసిన రీడింగులు ఎందుకు మోసం చేస్తాయో కింద చెప్తాను.

ఒక ఫేజు పోయింది, మిగతా రెండూ బాగున్నాయి

ఎల్టీ ఫ్యూజు. ఫ్యూజుకు రెండు వైపులా మీటరు పెట్టండి. బాగున్న ఫ్యూజు మీద దాదాపు సున్నా రావాలి. పోయిన ఫేజులో సున్నాకు బదులు ఎంతో కొంత వోల్టేజీ కనిపిస్తే కంగారుపడొద్దు, ఎక్కడో త్రీఫేజు మోటారు తిరుగుతూ వెనక్కి పంపుతోంది. సరైన గేజు తీగ వేయండి. అల్యూమినియం పోగులు మెలిపెట్టి వేస్తే అది ఫ్యూజు కాదు.

ఒక ఫేజు సరిగ్గా ఉంది, రెండింట్లో సగమే వస్తోంది

11 కేవీ వైపు ఒక హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజు పోయింది. 11 కేవీ వైపు డెల్టాగా, ఎల్టీ వైపు స్టార్‌గా కలిపిన మన డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్లలో ఇది న్యూట్రల్‌తో సుమారు 240, 120, 120గా కనిపిస్తుంది. ఫేజుల మధ్య చూస్తే రెండు జతలకు 360 దాకా, మూడో జతకు దాదాపు సున్నా. లోడును బట్టి అంకెలు కదులుతాయి కానీ తీరు మారదు. దీన్ని న్యూట్రల్ సమస్య అనుకుని పొరబడేవాళ్లు చాలామంది. ఫేజుల మధ్య రీడింగు తీసుంటే ఆ పొరపాటుకు తావే లేదు. కొత్త ఫ్యూజు వెంటనే మళ్లీ పోతే మందం తీగ వేయకండి, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) తెచ్చి వైండింగు చూడండి.

మూడు ఫేజుల్లోనూ తక్కువ

క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టండి. ఎల్టీ వైపు పూర్తి లోడు కరెంటు 25 కేవీఏకి 33 ఆంపియర్లు, 63కి 84, 100కి 133. అది దాటితే నిజంగానే ఓవర్‌లోడు. బాక్సులో బాగుండి చివరి స్తంభం దగ్గర తక్కువుంటే లైను పొడవు, తీగ మందం సమస్య. అది ఈ రాత్రి తేలేది కాదు.

ఫేజుల మధ్య మూడూ సమానం, న్యూట్రల్‌తో మాత్రం ఎక్కువ తక్కువలు

ఆర్-వై, వై-బి, బి-ఆర్ మూడూ 415 దరిదాపుల్లో ఉంటాయి. న్యూట్రల్‌తో చూస్తే ఒకటి 290, ఒకటి 240, ఒకటి 200. ఎవరింట్లోనైనా గీజరు వేస్తే అంకెలు మారిపోతాయి. ఇది న్యూట్రల్ లూజు. తెగిపోయిన న్యూట్రల్‌ను ఎవరైనా పట్టుకుంటారు. లూజుగా ఉండి పగలంతా మంచిగా నటించేదే నెలల తరబడి ఏడిపిస్తుంది.

జాయింటులో అర ఓము నిరోధం ఉందనుకోండి. మధ్యాహ్నం న్యూట్రల్‌లో 2 ఆంపియర్లే పోతే అక్కడ పడేది 1 వోల్టు, మీటరు అంతా బాగుందంటుంది. రాత్రి 30 ఆంపియర్లు పోతే 15 వోల్టులు పక్కకు జరుగుతాయి, ఆ ఒక్క బోల్టు దగ్గరే 450 వాట్ల వేడి పుడుతుంది. వేడికి జాయింటు ఇంకా పాడై నిరోధం పెరుగుతుంది, ఒక రాత్రి పూర్తిగా వదిలేస్తుంది. అప్పుడు వేర్వేరు ఫేజుల మీదున్న రెండిళ్లు 400 వోల్టుల మధ్య వరసగా కలిసిపోయినట్టే. ఒకింట్లో 2000 వాట్ల గీజరు, ఇంకో ఇంట్లో మొత్తం 200 వాట్ల లోడు ఉంటే తక్కువ లోడున్న ఇంటికి 360 వోల్టులు దాటుతాయి, గీజరుకు 36 మాత్రమే మిగులుతాయి. టీవీలు కాలేది ఎప్పుడూ తక్కువ కరెంటు వాడే ఇంట్లోనే. ఇంతా జరిగినా ఏ ఫ్యూజూ పోదు, ఎందుకంటే ఎక్కడా కరెంటు హద్దు దాటలేదు. ఇంట్లో షాకు తగలకుండా పెట్టే ఆర్‌సీసీబీ కూడా లీకేజీ చూస్తుందే తప్ప వోల్టేజీని చూడదు.

ఎక్కడ లూజో పట్టుకోవడానికి బాక్సు నుంచే మొదలుపెట్టండి. బాక్సులోనే తేడా ఉంటే లోపం బుషింగు (ట్రాన్స్‌ఫార్మర్ మీద తీగ బయటికొచ్చే పింగాణీ కొమ్ము) నుంచి బాక్సు మధ్య ఉంది. బాక్సులో సమానంగా ఉంటే లైను వెంట స్తంభం స్తంభం చూసుకుంటూ వెళ్లండి, తేడా మొదలైన చోటుకు ముందున్న జంపరో (రెండు తీగలను కలిపే చిన్న తీగ) జాయింటో కారణం. ఏబీ కేబుల్ (ఒకటిగా చుట్టిన తీగల కట్ట) లైన్లలో చాలాచోట్ల ఆ కట్టను మోసే మెసెంజర్ తీగే న్యూట్రల్. దాన్ని స్తంభానికి పట్టి ఉంచే క్లాంపును కనెక్షను అనుకోకండి, జంపరు విడిగా ఉండాలి.

ఇక అనుభవమున్నవాళ్లు కూడా పడే గొయ్యి ఇది: న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టి, సున్నా చూసి, "న్యూట్రల్ బాగుంది" అని వెళ్లిపోవడం. చాలా ట్రాన్స్‌ఫార్మర్ల మీద న్యూట్రల్ కేబులునూ ఎర్త్ పట్టీనీ బుషింగు రాడ్డు మీద ఒకే లగ్గుతో (తీగ చివర బిగించే లోహపు తొడుగు) బిగించేస్తారు. ఆ లగ్గుకీ రాడ్డుకీ మధ్య పట్టు పోతే న్యూట్రలూ ఎర్తూ ఒకదానికొకటి బాగానే కలిసుంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ లోపల మూడు వైండింగులు కలిసే స్టార్ పాయింటుకే రెండూ దూరమవుతాయి. మీటరు సున్నానే చూపిస్తుంది. ఎర్త్ పిట్లో బిందెలకొద్దీ నీళ్లు పోసినా మార్పుండదు. కాబట్టి, ఫేజు-న్యూట్రల్ తేడా ఉండి న్యూట్రల్-ఎర్త్ సున్నా ఉంటే నేరుగా బుషింగు రాడ్డునే అనుమానించండి. న్యూట్రల్-ఎర్త్ మధ్య వోల్టేజీ వస్తుంటే లోపం ఎర్త్ కలిసిన చోటు దాటాక, లైను వైపు ఉంది. ఈ రెండో దాంట్లో న్యూట్రల్ తీగ కూడా షాకు కొడుతుంది, తేలిగ్గా తీసుకోవద్దు.

బాగుచేయడం

సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, లైను ఆపి పనిచేసే అనుమతి) తీసుకోండి. 11 కేవీ లైను మీదున్న ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ తెరిచి, బ్లేడ్లు మూడూ విడిపోయాయో లేదో కళ్లతో చూడండి. హెచ్‌టీ (11 కేవీ), ఎల్టీ రెండు వైపులా ఎర్తింగ్ చేయండి. ఎల్టీ వైపు ఎందుకంటారా? ఎవరింట్లోని జనరేటరో ఇన్వర్టరో తప్పుగా కలిపి ఉంటే వెనక్కి వస్తుంది.

లగ్గు విప్పితే కారణం కనిపిస్తుంది. ఇత్తడి లేదా రాగి రాడ్డు మీద నేరుగా అల్యూమినియం లగ్గు పెట్టి ఉంటారు. రెండు లోహాల మధ్య తేమ చేరి తెల్లటి పొర కడుతుంది. బోల్టు ఎంత బిగించినా ఆ పొర కరెంటును పోనివ్వదు, అందుకే "నేను బిగించే వచ్చాను సార్" అన్నచోటే మూడు నెలలకు మళ్లీ ఫిర్యాదు. పాత లగ్గు కోసి పారేయండి. తీగ చివరను మెరిసేదాకా బ్రష్షుతో రుద్ది, జాయింటు కాంపౌండు రాసి, బైమెటాలిక్ (రాగి, అల్యూమినియం కలిపి చేసిన) లగ్గును తీగ సైజుకు తగిన డైతో క్రింప్ చేయండి. సుత్తితో కొట్టి నొక్కిన లగ్గు లెక్కలోకి రాదు. ప్లెయిన్ వాషరు, స్ప్రింగ్ వాషరు, పైన చెక్‌నట్ తప్పనిసరి.

బిగించేటప్పుడు రెండు స్పానర్లు వాడండి. కింది నట్టును ఒకదానితో కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే రాడ్డు మొత్తం తిరిగి లోపలి లీడు తెగుతుంది, గాస్కెట్ కదిలి నూనె కారుతుంది. అప్పుడు నిజంగానే ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి.

ఎర్త్ పట్టీలను న్యూట్రల్ కేబులు లగ్గు మీద కాకుండా విడి లగ్గులతో రాడ్డుకు కలపండి. న్యూట్రల్ పాయింటుకు కనీసం రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలని సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. ఒకే పిట్లోకి రెండు పట్టీలు దింపితే రెండైనట్టు కాదు. ఇక న్యూట్రల్‌లో ఫ్యూజు కనిపిస్తే మాట్లాడకుండా తీసేసి నేరుగా కలపండి.

సప్లై ఇచ్చాక పని అయిపోలేదు. అదే రోజు రాత్రి లోడు మీద మళ్లీ ఆరు రీడింగులు తీయండి, న్యూట్రల్‌తో మూడూ 216 నుంచి 244 మధ్య ఉండాలి. నాలుగు లగ్గుల వేడినీ నేల మీద నుంచే ఇన్‌ఫ్రారెడ్ గన్నుతో పోల్చండి. న్యూట్రల్ లగ్గు ఒక్కటే వేడిగా ఉంటే క్రింపు సరిగ్గా పడలేదు. ఎల్‌ఈడీలు, కంప్యూటర్లు ఎక్కువున్న చోట మూడో హార్మోనిక్ కరెంటులు న్యూట్రల్‌లో ఒకదానికొకటి కలుస్తాయి, ఫేజులు సమంగా ఉన్నా న్యూట్రల్ ఖాళీగా ఉండదు. అలాంటిచోట సన్న న్యూట్రల్ పనికిరాదు.

ఇంట్లో ఉన్నవాళ్లకు

బల్బులు ఉన్నట్టుండి తెల్లగా వెలిగితే మెయిన్ ఆపేసి 1912కి ఫోన్ చేయండి, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కకండి. తేడా మీ త్రీఫేజు ఇంట్లోనే ఉండి పక్కిళ్లు బాగుంటే లోపం మీ సర్వీసు వైరు న్యూట్రల్‌లో ఉంది. సింగిల్ ఫేజు ఇంట్లో ఏదీ వెలగకుండా, స్విచ్ వేసి ఉండగా టెస్టరు మాత్రం సాకెట్ రెండు రంధ్రాల్లోనూ వెలిగితే అదీ న్యూట్రలే.

లోపలి వైండింగు లోపం, పిడుగు దెబ్బ, కెపాసిటర్ల గొడవ లాంటివీ లేకపోలేదు. పై రీడింగులన్నీ సరిగ్గా వచ్చాకే వాటి జోలికి వెళ్లండి.