దసరా సెలవుల్లో అయుత్తయ వెళ్తున్నారా? వానను కాదు, నదిని చూడండి

దసరా, దీపావళి సెలవులకు బ్యాంకాక్ వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది ఒక రోజు థాయ్‌ల పాత రాజధాని అయుత్తయకు పెట్టుకుంటారు. బ్యాంకాక్‌కు ఉత్తరాన సుమారు 75 కిలోమీటర్లే కదా, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కానీ అక్కడ వరద ముదిరేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మొదటి వారాల వరకు. ఫోన్లో ఎండ గుర్తు చూసి బయల్దేరితే సరిపోదు. ఈ ఊరిని ముంచే నీరు చాలావరకు ఇక్కడ కురిసింది కాదు. ఉత్తర థాయ్‌లాండ్‌లో పడిన వాన పింగ్, నాన్ నదుల్లోంచి దిగి, నఖోన్ సవాన్ దగ్గర చావో ఫ్రాయా నదిగా మారి, చైనాట్‌లోని చావో ఫ్రాయా డ్యాం దాటి ఇక్కడికి చేరుతుంది. నాలుగు రోజులుగా చినుకు లేకపోయినా ఒడ్డు మునగొచ్చు.

అందుకే ప్రయాణానికి వారం ముందు నుంచి రోజూ చూడాల్సిన అంకె ఒక్కటే: ఆ డ్యాం నుంచి సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు వదులుతున్నారు? థాయ్ నీటిపారుదల శాఖ దీన్ని ఏ రోజుకారోజు ప్రకటిస్తుంది. థాయ్‌వాటర్ వెబ్‌సైట్లోనూ దొరుకుతుంది. ఒక ఘనపు మీటరంటే మన లెక్కలో సుమారు 35 క్యూసెక్కులు. విడుదల 700 దాటి పెరిగేటప్పుడు కరకట్టల బయటున్న పల్లపు ఊళ్లలోకి నీరు ఎక్కడం మొదలవుతుంది. 2,000 దాటి ఇంకా పెరుగుతుంటే నది ఒడ్డు హోటలు, పడవ షికారు పెట్టుకోకండి. 2011 మహా వరదలో ఇది 3,500 దాటింది.

అంటే లక్షా ఇరవై వేల క్యూసెక్కుల పైమాట. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షలకు పైగా వెళ్లడం చూసినవాళ్లకు ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. కృష్ణ కొలత ఇక్కడ పెట్టకండి. ఈ ప్రాంతం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్న చదును నేల, నదికి వాలు దాదాపు లేదు. నీరు ఉరకదు, పక్కలకు పరుచుకుంటుంది. ఒకసారి ఎక్కితే వారాల తరబడి నిలుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో పున్నమికీ అమావాస్యకూ సముద్రం పోటు మీద ఉంటే కిందికి పోయే దారి కూడా మందగిస్తుంది.

రెండో అంకె పా సక్ నదిది. లోప్‌బురిలోని పా సక్ చొలసిత్ డ్యాం నుంచి వదిలిన నీరు తా రువా దగ్గరి రామా 6 డ్యాం దాటి అయుత్తయ తూర్పు వైపుకు వస్తుంది. రైల్వే స్టేషను ఆ ఒడ్డునే ఉంది కాబట్టి రైల్లో వచ్చేవాళ్లు దీన్నీ చూసుకోవాలి.

ఇక వార్తలు చదివే తీరు. "అయుత్తయలో వరద" అని కనబడగానే టికెట్లు రద్దు చేసుకోవద్దు, ఏ జిల్లా అన్నది చూడండి. అయుత్తయ అంటే ఊరే కాదు, రాష్ట్రం కూడా; అందులో 16 జిల్లాలు. థాయ్‌లాండ్‌లో మిగతా రాష్ట్రాల ముఖ్య జిల్లా పేరు ముందు "మువాంగ్" అని ఉంటుంది; ఇక్కడ మాత్రం ముఖ్య జిల్లాకూ రాష్ట్రానికీ ఒకటే పేరు, ఫ్రా నఖోన్ సి అయుత్తయ. అందువల్ల శీర్షిక చూసి ఏదో తేల్చుకోలేం. ముందు మునిగేవి పడమటి జిల్లాలు సేనా, బాంగ్ బాన్, ఫక్ హై. కోతలయ్యాక అక్కడి పొలాల్లోకి కావాలనే వరద మళ్లిస్తారు. దిగువన బ్యాంకాక్ మీద ఒత్తిడి తగ్గేది ఇలాంటి పొలాల వల్లే. ఇళ్ల కింద నీళ్లతో నెలల పాటు బతికే ఆ ఊళ్లను ఫొటోల కోసం చూడబోకండి. మోటారు పడవ లేపే అలకు ఇసుక బస్తాల కట్ట తెగుతుంది.

పాత నగరం మూడు నదుల మధ్య దీవి. 1350ల్లో ఊ తోంగ్ రాజు ఇక్కడ రాజధాని కట్టినప్పుడు ఏటా వచ్చే వరదే దానికి కోట. ముట్టడించిన సేనలు నీరు ఎక్కగానే వెనక్కి పోవాల్సి వచ్చేది. 1766లో బర్మా సైన్యం మాత్రం మెరక మీద శిబిరాలు వేసుకుని, పడవలు కూర్చుకుని వానాకాలమంతా నిలబడింది. 1767 ఏప్రిల్‌లో నగరం పడిపోయింది.

దీవి లోపలి మహాథాట్, రాచబూరణ, ఫ్రా సి సన్‌ఫేట్ ఆలయాలు కట్టల రక్షణలో ఉంటాయి. మామూలు వరద ఏడాదిలో కూడా వీటిని చూడగలం. దీవి బయట పడమటి ఒడ్డున ఉన్న చైవత్తనారాం (1630లో మొదలుపెట్టిన కట్టడం) సంగతి వేరు. నది వైపు మడత పలకల అడ్డుగోడ నిలబెట్టి దాన్ని కాపాడతారు. 2011లో రక్షణ తెగి ఆలయం మునిగింది. ఆ పలకల మీద కూర్చోవద్దు, ఆనుకోవద్దు, అవతలికి దిగొద్దు. నీరు పీల్చిన పాత ఇటుక పైకి గట్టిగానే కనిపిస్తుంది గానీ లోపల జారిపోతుంది, కాబట్టి తాడు కట్టిన చోటు దాటి ఎక్కకండి. తెరిచి ఉందో లేదో ముందు రోజు రాత్రి టూరిస్ట్ పోలీసు నంబరు 1155కు ఫోన్ చేసి అడగండి.

బస బ్యాంకాక్‌లోనే పెట్టుకుని పగటి ప్రయాణం చేయడం మేలు. అయుత్తయలోనే ఉండాలనుకుంటే దీవి మధ్యలో, మొదటి అంతస్తు పైన గది తీసుకోండి, రద్దు చేసుకునే వీలు ఉండాలి. హెచ్చరిక వచ్చాక కొన్న ప్రయాణ బీమా సాధారణంగా ఆ వరదకు వర్తించదు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తొడుక్కుని బకిల్ పెట్టాకే కదలనివ్వండి. నది నిండుగా ఉన్నప్పుడు వంతెన కింద ఖాళీ తగ్గుతుంది, ప్రవాహం పడవను స్తంభాల మీదికి తోస్తుంది. చీకటి పడ్డాక షికారు వద్దు.

నిలిచిన నీళ్లలోకి దిగకండి. 2011లో నీట మునిగి పోయినవాళ్ల తర్వాత ఎక్కువ ప్రాణాలు తీసింది కరెంటు. స్తంభం, దుకాణం ఇనుప షట్టర్, తడి గోడ మీది స్విచ్ బోర్డు, వీటికి దూరంగా నడవండి. అద్దె స్కూటర్ మీద నీళ్లలోకి వెళ్తే మూత లేని కాలువ కనబడదు. పాములు మెరక వెతుక్కుంటూ మెట్ల మీదికి వస్తాయి. తప్పనిసరిగా దిగాల్సి వస్తే మూసి ఉన్న బూట్లు వేసుకుని, కర్రతో ముందు నేల తడిమి అడుగు వేయండి. బయటికి రాగానే సబ్బుతో కాళ్లు కడగాలి. కాలికి పుండు, పగులు ఉన్నవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు అసలు దిగొద్దు. అత్యవసర వైద్యానికి 1669, విపత్తు సహాయానికి 1784.

ఊరికి తిరిగొచ్చిన నెల లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే వైరల్ జ్వరమని మాత్రలు మింగి ఊరుకోకండి. అది ఎలుకల మూత్రం కలిసిన వరద నీటితో సోకే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. ముందే పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగుతుంది, ఆలస్యమైతే కిడ్నీల దాకా వెళ్తుంది. అదే కాలంలో డెంగీ దోమలూ ఉంటాయి కాబట్టి రెంటికీ పరీక్ష చేయించాలి. థాయ్‌లాండ్‌లో వరద నీళ్లలో నడిచామన్న సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు.