నాచ్ 6 డెసిబెల్స్ దగ్గరే ఆగిందా? చిప్‌ను తిట్టకండి

అక్కరలేని ఒక మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీని తొలగించడానికి, అంటే అక్కడ ‘నాచ్’ అనే ఇరుకు గండి పెట్టడానికి, ఫోటానిక్ చిప్ (కాంతితో పనిచేసే చిప్) వాడుతున్నారనుకుందాం. మాడ్యులేటర్ సిగ్నల్‌ను లేజర్ కాంతి మీదకు ఎక్కిస్తుంది. చిప్‌లోని రింగు (కాంతి గుండ్రంగా తిరిగే సన్నని దారి) తన అనునాదానికి సరిపడిన ఇరుకు ముక్కను మింగేస్తుంది. మిగిలినదాన్ని ఫోటోడిటెక్టర్ మళ్లీ మైక్రోవేవ్‌గా మారుస్తుంది. కాగితం మీద మూడు పెట్టెలే. తిప్పలంతా సర్దడంలోనే ఉంది.

మొదట మైక్రోవేవ్ జోలికి పోకుండా, లేజర్ తరంగదైర్ఘ్యాన్ని మెల్లగా జరుపుతూ రింగు డిప్‌ను, అంటే అనునాదం దగ్గర బయటికొచ్చే కాంతి పడిపోయే గుంటను, చూడండి. లోతు తక్కువగా ఉంటే ముందు పోలరైజేషన్‌ను (కాంతి కంపించే దిశను) సరిచేయండి. డిప్ ఒక పక్కకు ఒరిగి త్రిభుజంలా కనిపిస్తే పవర్ ఎక్కువైందని అర్థం. రింగు లోపలి కాంతికే వేడెక్కుతోంది. రెండు వైపులా సమానంగా వచ్చేదాకా తగ్గించండి. ఈ డిప్ వెడల్పే మీ నాచ్ వెడల్పు. 1550 నానోమీటర్ల దగ్గర 1 గిగాహెర్ట్జ్ వెడల్పు కావాలంటే క్యూ విలువ (కాంతి ఫ్రీక్వెన్సీని డిప్ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) దాదాపు 1.9 లక్షలుండాలి.

ఇక అసలు సంగతి సైడ్‌బ్యాండ్లు. మామూలు ఇంటెన్సిటీ మాడ్యులేటర్ క్యారియర్‌కు, అంటే అసలు లేజర్ ఫ్రీక్వెన్సీకి, రెండు పక్కలా సిగ్నల్‌ను మోసే రెండు సైడ్‌బ్యాండ్లను పుట్టిస్తుంది. రింగు ఒకదాన్ని పూర్తిగా మింగినా రెండోది క్షేమంగా డిటెక్టర్‌కు చేరుతుంది. డిటెక్టర్‌లో మైక్రోవేవ్ విద్యుత్ ప్రవాహం సగమే తగ్గుతుంది, అంటే 6 డెసిబెల్సే. మైక్రోవేవ్ స్పందనను కొలిచే నెట్‌వర్క్ అనలైజర్ తెరపై ఈ అంకె కనబడితే నేను చిప్ వైపు కన్నెత్తి కూడా చూడను. రెండు ఎలక్ట్రోడ్ల మాడ్యులేటర్‌కు 90 డిగ్రీల హైబ్రిడ్ (సిగ్నల్‌ను 90 డిగ్రీల ఫేజ్ తేడాతో రెండుగా చీల్చేది) తగిలించి, బయాస్ వోల్టేజీని క్వాడ్రేచర్ వద్ద (సగం కాంతి బయటికొచ్చే చోట) నిలిపి, ఒక సైడ్‌బ్యాండ్‌ను అణచండి. అణిగిందని నమ్మేయకుండా ఆప్టికల్ స్పెక్ట్రమ్ అనలైజర్‌లో చూసుకోండి. అది 20 డెసిబెల్సే తగ్గితే, రింగు ఎంత గొప్పదైనా నాచ్ లోతు ఆ చుట్టుపక్కలే ఆగిపోతుంది.

నాచ్ 10 గిగాహెర్ట్జ్ వద్ద కావాలంటే క్యారియర్ అనునాదానికి సుమారు 0.08 నానోమీటర్ల దూరంలో ఉండాలి. సిలికాన్ రింగు ఒక్క డిగ్రీ వేడెక్కితే దాని అనునాదం దాదాపు అంతే దూరం పక్కకు జరుగుతుంది. ఉష్ణోగ్రత నియంత్రణ లేకుండా కొలతకు కూర్చోవడం దండగ. సిలికాన్ నైట్రైడ్‌తో చేసిన రింగు ఈ విషయంలో చాలా నిదానం.

మిగిలింది కప్లర్ హీటర్, అంటే రింగులోకి కాంతిని పంపే కప్లర్‌ను సర్దే హీటర్. కప్లర్ లోపలికి పంపే వాటా, ఒక్క చుట్టులో రింగు పోగొట్టుకునే వాటాతో సమానమైనచోట డిప్ అట్టడుగుకు దిగుతుంది. అయితే ఈ హీటర్‌ను కదిపితే అనునాదమూ జరుగుతుంది, కనుక దీన్నీ రింగు అనునాదాన్ని జరిపే హీటర్‌నూ మార్చిమార్చి కొద్దికొద్దిగా తిప్పండి. సిగ్నల్ మొత్తంగా బలహీనంగా ఉంటే ఫైబర్ అమరికను మళ్లీ చూడండి: కాంతిలో పోయే ప్రతి 1 డెసిబెల్‌కూ మైక్రోవేవ్‌లో 2 పోతాయి.