ముసలి కుక్క ఊపిరిని ఇంట్లో గమనించడం ఎలా?

కుక్కకు వయసు మీద పడితే కాళ్లు చూస్తాం, కళ్లు చూస్తాం. ఊపిరితిత్తుల సంగతి దగ్గు వచ్చేదాకా గుర్తుకు రాదు. కానీ దగ్గు లేకుండానే అవి గట్టిపడొచ్చు, వాటిలో కాల్షియం పేరుకోవచ్చు.

ముందుగా, కుక్క బాగా నిద్రపోయేదాకా ఆగండి. హైదరాబాద్ ఎండలకు నాలుక బయటపెట్టి రొప్పుతున్నప్పుడు లెక్కపెడితే ఉపయోగం లేదు. కలలో కాళ్లు ఆడిస్తున్నప్పుడూ వద్దు. చివరి పక్కటెముకల దగ్గర చూడండి. పొట్ట లేచి దిగితే ఒకటి. ఫోన్‌లో 30 సెకన్లు పెట్టుకుని లెక్కించి, దాన్ని రెట్టింపు చేయండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. వారం రోజులు రాసిపెడితే మీ కుక్క మామూలు లెక్క తెలిసిపోతుంది.

మా పన్నెండేళ్ల పొమేరియన్ చిట్టికి ఎప్పుడూ 18, 20 వచ్చేది. ఓ రాత్రి కూలర్ ముందు పడుకున్నప్పుడు 36. మళ్లీ లెక్కపెడితే 38. ఊపిరి వదిలే ప్రతిసారీ చివర్లో పొట్ట లోపలికి నొక్కుకుంటోంది. తిండి తింటోంది, తోక ఊపుతోంది. నోట్‌బుక్ లేకపోతే వేడికే అనుకుని వదిలేసేదాన్ని.

తర్వాత మందుల డబ్బా తీయండి. నా దృష్టిలో అసలైన పని ఇదే. దురదకు ఎప్పుడో రాసిచ్చిన ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు చిట్టికి నెలల తరబడి వేశాను. తగ్గుతోంది కదా అని మళ్లీ మళ్లీ తెచ్చాను. స్టెరాయిడ్ ఎక్కువైతే కుక్క నీళ్లు తెగ తాగుతుంది, పొట్ట జారుతుంది, బొచ్చు రాలుతుంది. కొన్నిటికి ఊపిరితిత్తుల్లో కాల్షియం చేరుతుంది. చిట్టి ఎక్స్‌రేలో కనిపించింది అదే. కిడ్నీలు దెబ్బతిన్నా ఇలా జరగొచ్చు. మనం వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి మందు కుక్క తింటే మాత్రం రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. లక్షణాల కోసం చూడకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

ఇది చదివి స్టెరాయిడ్ మాత్రలు ఠక్కున ఆపేయకండి, దయచేసి. ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

లెక్క రెండుసార్లు 30 దాటితే రేపు చూద్దాం అనుకోవద్దు. నోట్‌బుక్, మాత్రల అట్టలు, నిద్రలో తీసిన వీడియో పట్టుకెళ్లండి. గుండె జబ్బులోనూ ఊపిరి ఇలాగే పెరుగుతుంది కాబట్టి ఎక్స్‌రే, దానితోపాటు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), కాల్షియం పరీక్షల గురించి అడగండి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. చిగుళ్లు నీలంగా మారినా, మెడ చాచి పడుకోలేక అవస్థ పడుతున్నా లెక్కపెడుతూ కూర్చోకండి, అది ఎమర్జెన్సీ.

గట్టిపడిన భాగం చాలావరకు మళ్లీ మెత్తబడదు. మిగిలినదాన్ని కాపాడుకోవాలి. సాంబ్రాణి, దోమల కాయిల్, సిగరెట్ పొగ కుక్క ఉండే గదిలో వద్దు. మెడ పట్టీ బదులు ఛాతీకి వేసే పట్టీ కొనండి. నగరంలో తిరిగే కుక్కల ఊపిరితిత్తుల్లో మసి నల్లటి చుక్కల్లా పేరుకుంటుంది. అందుకే వాకింగ్‌కు మెహదీపట్నం వైపు బస్సులు మొదలయ్యేలోపే చిట్టిని తిప్పి తెచ్చేస్తున్నాం.