వాతావరణ కేంద్రం డేటాను మార్చే ముందు జాగ్రత్తలు

ఇంటి దగ్గర ఉష్ణోగ్రత, వాన వంటివి కొలిచే వాతావరణ కేంద్రంలో ఏళ్ల తరబడి పోగైన డేటాను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే ముందు, పాత ప్రోగ్రామ్‌ను పూర్తిగా ఆపి, ఆ తర్వాతే డేటాబేస్ ఫైలును వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటుందో లేదో చూడండి.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది వర్షపాతం. పాత ఫైలులోని ఒక్కో అంకె అంతకుముందు రీడింగు తర్వాతి 5 నిమిషాల్లో కురిసిన వానదా, లేక రోజు మొదలైనప్పటి నుంచి కూడుతూ వచ్చిన మొత్తమా అన్నది తేల్చుకోకుండా దిగుమతి చేస్తే, 2 మిల్లీమీటర్ల జల్లు కాస్తా కుంభవృష్టిగా నమోదవుతుంది. అంగుళాల్లో ఉంటే, మిల్లీమీటర్లుగా మార్చడానికి 25.4తో గుణించాలి. సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలమానంలో) ఉందో, స్థానిక కాలమానంలో ఉందో కూడా నిర్ధారించుకోండి.

సెన్సర్ పనిచేయని రాత్రి ఖాళీ రీడింగు 0 డిగ్రీలుగా మారితే, అదే కనిష్ఠ ఉష్ణోగ్రతగా స్థిరపడిపోతుంది. అందుకే ముందుగా బాగా వాన కురిసిన ఒక్క నెలను మాత్రమే మార్చి, పాత లెక్కలతో పోల్చండి.