పిట్టల్ని చూసే సరదా ఎలా మొదలుపెట్టాలి? డాబా మీద నుంచి చెరువు గట్టు దాకా

పక్షుల్ని చూడాలంటే ముందు పెద్ద కెమెరా కొనాలి, తర్వాత అడవికి పోవాలి అనుకునేవాళ్ళే ఎక్కువ. మొదట్లో ఈ రెండూ అక్కర్లేదు. కొన్నాళ్ళ పాటు మీ డాబా, వీధి చివర కరెంటు తీగలు, పక్కింటి వేపచెట్టు చాలు. అక్కడ తిరిగే పది పన్నెండు పిట్టల్ని చూడగానే పోల్చుకోవడం వస్తే, చెరువు దగ్గర కొత్తది ఏదో ఇట్టే తెలిసిపోతుంది. ఇది రాకుండా నేరుగా కొల్లేరుకో పులికాట్‌కో పోతే అన్నీ కొంగల్లాగే కనిపిస్తాయి.

ముందు ఇంటి చుట్టూ

తెల్లవారిన తర్వాత మొదటి రెండు గంటలు మంచి సమయం. ఎండ ఎక్కాక పిట్టలు నీడకి చేరి గమ్మున కూర్చుంటాయి. కాఫీ గ్లాసుతో డాబా ఎక్కి, ఒక చోట కూర్చుని, పదిహేను నిమిషాలు కదలకండి. ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. ముందు వినండి, అరుపు వచ్చిన వైపు చూడండి.

కొత్త పిట్ట కనిపిస్తే మొదట దాని సైజు చూడాలి. పిచ్చుక, గోరింక, కాకి ఈ మూడింటినీ కొలబద్దగా పెట్టుకోండి. పిచ్చుక కంటే పెద్దది, గోరింక కంటే కాస్త చిన్నది, నల్లటి తల, తోక కింద ఎర్రటి మచ్చ అంటే పికిలిపిట్ట. ఆ తర్వాత ముక్కు, తోక చూడండి. చివరికి రెండుగా చీలిన పొడవాటి తోక, ఒళ్ళంతా నలుపు, తీగ మీద నుంచి ఎగిరి గాల్లోనే పురుగుని పట్టుకుని మళ్ళీ అదే చోటికి వచ్చి వాలితే అది పసుల పోలిగాడు. గేదె వీపు మీద సవారీ చేసేదీ అదే.

రంగుని మాత్రం చివరికి వదిలేయండి, అది బాగా మోసం చేస్తుంది. తీగ మీద కూర్చున్న పాలపిట్ట దూరం నుంచి చూస్తే మట్టిరంగు ముద్ద. అదే రెక్క విప్పిందంటే ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా బయటపడతాయి. గుడ్డికొంగ కూడా అంతే. బురదలో నిలబడి ఉంటే మీ కాలికి రెండు మూడు గజాల దూరంలో ఉన్నా కంటికి ఆనదు, లేచేసరికి తెల్లటి రెక్కలతో ఎగిరిపోతుంది. ఇక కోకిల సంగతి. కుహూ అని పాడేది మగకోకిల. నల్లటి ఒళ్ళు, ఎర్రటి కళ్ళు. ఆడది గోధుమరంగు మీద తెల్లటి చుక్కలతో ఉంటుంది, దాని గొంతు కిక్కిక్కిక్‌మని గీసినట్టు వస్తుంది. కోకిలమ్మ పాట అని మనం మురిసిపోయేదంతా అయ్యగారిదే.

బైనాక్యులర్ ఎప్పుడు కొనాలి, ఎలా పట్టుకోవాలి

ఓ నెల రోజులైనా సరదా తగ్గకపోతే అప్పుడు కొనండి. పెట్టె మీద 8x42 అని ఉన్నది తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో ఆ లెక్క, 42 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. ఎన్ని రెట్లు ఎక్కువైతే అంత మంచిదని షాపులో అంటారు కానీ, రెట్లు పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా పెరిగి కనిపిస్తుంది, చూసే జాగా ఇరుకవుతుంది. మొదటిసారి కొనేవాళ్ళకి 8 చాలు. కళ్ళజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని కిందికి తిప్పేయండి.

తెచ్చిన రోజే దాన్ని మీ కళ్ళకి సరిచేసుకోవాలి. చాలామంది ఈ పని చెయ్యరు, తర్వాత తలనొప్పి అంటారు. కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పుతూ దూరంగా ఉన్న ఏదైనా బోర్డు మీది అక్షరాలు ఎడమ కంటికి స్పష్టంగా కనిపించేలా చెయ్యండి. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న రింగుని తిప్పి అవే అక్షరాలు తేటగా కనిపించేలా చూడండి. ఆ రింగు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి, ఇక మధ్య చక్రంతోనే పని.

పిట్ట కనిపించగానే తల దించి బైనాక్యులర్ వెతుక్కుంటే, తల ఎత్తేసరికి అది ఉండదు. చూపు పిట్ట మీదే ఉంచి, చేతుల్ని మాత్రం కళ్ళ దగ్గరికి ఎత్తాలి. కుండీలో మొక్క మీద, టీవీ యాంటెనా మీద నాలుగు రోజులు సాధన చేస్తే అలవాటైపోతుంది. పొరపాటున కూడా సూర్యుడి వైపు పెట్టకండి.

ఇప్పుడు చెరువు గట్టు

మీకు దగ్గర్లో ఉన్న చెరువునే ఎంచుకోండి. అంత అందంగా లేకపోయినా పర్వాలేదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళగలగాలి. హైదరాబాద్ అంచున ఉన్న అమీన్‌పూర్ చెరువు చుట్టూ అపార్ట్‌మెంట్లే. అయినా 2016లో దానికి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది.

పొద్దున వెళ్తే తూర్పు గట్టు మీద నిలబడి పడమటి వైపు చూడండి. ఎండ మీ వీపు వైపు ఉంటేనే రంగులు తెలుస్తాయి, ఎదురుగా ఉంటే అన్నీ నల్లటి నీడలే. బట్టలు మట్టిరంగో ముదురాకుపచ్చో అయితే మంచిది. గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయి కాబట్టి చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. గట్టంతా చుట్టేయాలన్న ఆత్రం వద్దు. ఒక చోట ఇరవై నిమిషాలు కూర్చుంటే మిమ్మల్ని చూసి వెళ్ళిపోయినవన్నీ తిరిగి వస్తాయి.

నీళ్ళ మీద చిన్న బంతిలా తేలుతూ, బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలేది బుడుబుంగ. మొద్దు మీద రెక్కలు చాపి ఆరబెట్టుకునేది నీటికాకి, దాని ఈకలు తడిసిపోతాయి మరి. మిమ్మల్ని చూసి ఊరంతటికీ వినిపించేలా అరిచేది తీతువు. దాని అరుపు అపశకునమని మన పెద్దలు భయపడేవాళ్ళు. అది ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది, అందుకే ఆ గోల. మీ తల మీదుగా తిరుగుతూ మరీ అరుస్తుంటే గూడు దగ్గర్లో ఉందని అర్థం, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి.

వానాకాలంలో అయితే గట్టు పక్కన ఈతచెట్టునో తాటిచెట్టునో వెతకండి. గిజిగాడి గూళ్ళు వేలాడుతుంటాయి. గూడు అల్లేది మగది. సగం అల్లి ఆపేసి, కింద వేలాడుతూ రెక్కలాడిస్తూ ఆడపిట్టని పిలుస్తుంది. ఆవిడ వచ్చి లోపలికి దూరి, పోచల్ని ముక్కుతో లాగి చూస్తుంది. నచ్చితేనే మగది మిగతా గొట్టం పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే ఉండిపోతుంది. ఒకే కొమ్మకి పూర్తయినవీ ఆగిపోయినవీ పక్కపక్కనే కనిపిస్తాయి. దీని కోసం ఒక ఆదివారం పూర్తిగా పోయినా నాకు బాధ లేదు.

గేదెలు కాసేవాళ్ళనీ, చేపలు పట్టేవాళ్ళనీ పలకరించండి. "బాబాయ్, ఈ పిట్టని మీ వైపు ఏమంటారు?" అని అడిగితే చాలు, ఏది ఏ మూలకి ఏ వేళకి వస్తుందో వాళ్ళే చెప్తారు.

తర్వాత ఒక చిన్న ప్రయాణం

అక్టోబరు నుంచి మార్చి దాకా వలస పక్షుల కాలం. మొదటి ప్రయాణానికి నా ఓటు గుంటూరు దగ్గరి ఉప్పలపాడుకి. ఊరి చెరువులోని చెట్ల మీదే గూడబాతులు (పెలికాన్‌లు), ఎర్రకాళ్ళ కొంగలు ఉంటాయి, దూరం నుంచి కళ్ళు చికిలించుకోవలసిన పని లేదు. కైకలూరు దగ్గరి ఆటపాక, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం కూడా వీటికి పేరున్నవే. సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టుకి వెళ్తే నీళ్ళలో నిలబడిన కడప అనే రకం చెట్ల మీద గూడబాతుల కాపురాలు చూడొచ్చు, అక్కడి నుంచి పులికాట్‌లో ఫ్లెమింగోలు దగ్గరే.

ఎక్కడికి వెళ్ళినా గూటి దగ్గరికి పోకండి, ఫోన్‌లో పిట్టల అరుపులు పెట్టి వాటిని పిలవకండి. దసరా రోజు పంజరంలో పాలపిట్టని తెచ్చి డబ్బులకి చూపించేవాళ్ళుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, రూపాయి కూడా ఇవ్వకండి. ఊరి బయట చేల మీద తీగలు చూస్తూ నడిస్తే ఎగిరే పాలపిట్టే కనిపిస్తుంది.

రాసుకోవడం

జేబులో పట్టే చిన్న నోటుబుక్కు చాలు. తేదీ, టైము, చోటు, ఏది ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి. పేరు తెలియకపోతే సైజు, తోక, ముక్కు రాసి చిన్న బొమ్మ గీయండి. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ ఇచ్చే మెర్లిన్ అనే ఉచిత యాప్ అరుపు విని పేరు చెప్తుంది కానీ, మీ కంటితో చూశాకే ఆ పేరు రాసుకోండి. అదే కార్నెల్ సంస్థ నడిపే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో మీ లెక్కలు ఎక్కిస్తే పరిశోధకులకీ పనికొస్తాయి. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ పేరుతో ప్రపంచమంతా ఇంటి దగ్గరి పిట్టల్ని లెక్కపెడుతుంది. కనీసం పదిహేను నిమిషాలు చూస్తే మీరూ చేరొచ్చు. జాబితాలో కాకుల్నీ పావురాల్నీ వదలకండి, అవీ లెక్కలోకి రావాలి.